ఐసు ఫ్యాక్టరీ దాహం

"నీటి వయసెంత?" అని గొట్టాలాయన పక్క బల్ల అమ్మాయిని అడిగాడు.

"డెబ్బై నాలుగు" అంది బల్ల.

బల్లకి నోరు లేదు. ఉన్నది దాని మీద వెల్లకిలా పడున్న ఫోనుకి. ఫిర్యాదుల అమ్మాయి దానికి స్పీకరు పెట్టి, రెండు చేతులతో కంప్యూటరు కొడుతోంది. అవతల తోక వీధి ముసలమ్మ ఎప్పటిలాగే నీళ్ళ వాసన గురించి చెబుతోంది. మాటల మధ్యలో ఈ అంకె వచ్చి పడింది, వెంటనే ఫోను కట్టయింది.

అమ్మాయి తెర వైపు చూసి, తోక వీధిలో నీటి వయసు తొమ్మిది గంటలని చెప్పింది. మరి డెబ్బై నాలుగు అన్నదెవరని గొట్టాలాయన అడిగాడు. ముసలమ్మేమో అంది అమ్మాయి. కంప్యూటరు మొహం చూడని మనిషికి నీటి వయసెలా తెలుస్తుంది? ఇద్దరూ ఫోను వైపు చూశారు. అది ఏమీ ఎరగనట్టు ఊరుకుంది.

గొట్టాలాయన ఊరి నీటి సరఫరా ఆఫీసులో పని చేస్తాడు. ఊరి కింద ఉన్న గొట్టాలన్నీ ఆయన కంప్యూటర్లో గీతలు. నాలుగిళ్ళు కలిసిన చోటల్లా ఒక చుక్క. ఏ చుక్క ఎన్ని నీళ్ళు తాగుతుందో చెబితే చాలు, ఏ గొట్టంలో నీళ్ళు ఎంత వేగంగా పోతాయో, ఎంత ఒత్తిడితో చేరతాయో, ట్యాంకు దిగి ఎంతసేపయిందో సాఫ్ట్‌వేరు లెక్క కట్టి చెబుతుంది. ఆ ఎంతసేపే నీటి వయసు. ట్యాంకు దగ్గర కలిపే క్లోరిన్ మందు గొట్టంలో గడిచేకొద్దీ నీరసపడుతుంది. మనిషికి వయసొస్తే బుద్ధి వస్తుందని చెప్పలేం గానీ, నీటికి వయసొస్తే కంపు మాత్రం ఖాయం. లేత నీళ్ళుంటే గీత నీలంగా ఉంటుంది, ముదిరితే ఎర్రబడుతుంది. అందరూ కలిపి దీన్ని మోడల్ అంటారు.

నువ్వే గొట్టంగాడివి అని లోకం ఎదుటివాణ్ణి తిట్టడానికి అడుగుతుంది. ఈయన్ని అలా అడిగితే, అవునండీ అదే నా ఉద్యోగం అనేవాడు. అందుకే ఆ పేరు నిలిచిపోయింది.

తోక వీధి గీత నీలంగా ఉంది. నీలమంటే అలాంటిలాంటి నీలం కాదు, ఇస్త్రీ చేసిన స్కూలు చొక్కా నీలం. కానీ ఆ వీధిలో ఒక్కో ఇంట్లో ఒక్కో కడుపు. ఒకరికి నొప్పి, ఒకరికి వాంతి, ఒక ముసలాయనకు మంచం. ఫిర్యాదులు ఎక్కువయ్యేసరికి పెద్దసారు, అంటే ఆఫీసు పెద్ద, తాత్కాలికంగా ట్యాంకరు పంపించాడు. తాత్కాలికం ఎక్కువ రోజులుంటే అలవాటవుతుందని ఆయన భయం. శుక్రవారం నుంచి ట్యాంకరు ఆపుదాం, మోడల్ ప్రకారం అక్కడి నీళ్ళు తాజా అని జవాబు రాసి ఇవ్వు అని గొట్టాలాయనకు చెప్పాడు.

జవాబు ఒకటే వాక్యం. గొట్టాలాయన మధ్యాహ్నమంతా ఆ వాక్యం ముందు కూర్చున్నాడు. "తాజా" అని కొట్టేవాడు, చెరిపేవాడు. కొట్టినప్పుడల్లా డెబ్బై నాలుగు అని ముసలి గొంతు వినపడేది.

సాయంత్రం ఇంట్లో గ్లాసులో నీళ్ళు పట్టుకుని దీపానికి అడ్డంగా ఎత్తి చూశాడు. ఊపి చూశాడు. వాసన చూశాడు. భార్య కాసేపు చూసి ఊరుకుంది. తరవాత ఊరుకోలేదు.

"పగలంతా ఆఫీసులో చుక్కలేసుకుంటూ కూర్చుంటారు, ఇంటికొచ్చి నీళ్ళు చూసి తూలుతున్నారు. నలుగురూ వింటే ఏమనుకుంటారు?"

"మన నీళ్ళకి వయసెంతుంటుందంటావ్?"

"నా కంటే చిన్నవే. అందుకే నన్ను మానేసి వాటిని చూస్తున్నారు."

ఆయన నవ్వాడు. నవ్వి గ్లాసు తాగకుండా పక్కన పెట్టాడు. ఇరవై ఏళ్ళుగా కాపురం చేస్తున్న మనిషి కనుక ఆమె నవ్వుని పట్టించుకోలేదు, గ్లాసుని పట్టించుకుంది. రేపు వెళ్ళి ఆ వీధి చూసి రమ్మంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ వీధి ఎప్పుడూ చూడలేదా అని అడిగింది. రోజూ చూస్తానన్నాడాయన. తెర మీద ఈ చివర నుంచి ఆ చివరకి బెత్తెడు.

తోక వీధి బెత్తెడు కాదు. వాల్వులతను స్కూటరు నడుపుతుంటే వెనక కూర్చుని, ఇంకా రాలేదేమని గొట్టాలాయన అడుగుతూనే ఉన్నాడు. వాల్వులతని పని ఊళ్ళో వాల్వులు తిప్పడం. వాల్వుకున్న విలువ వాల్వులతనికి లేదని రోజూ వాపోతాడు గానీ మనిషి నిదానస్తుడు. ఆ వీధికి కొత్తగా వచ్చాడు. పాతతను ఏ వాల్వు ఎక్కడుందో చెప్పకుండానే పనిలోంచి దిగిపోయాడట.

వీధి మొదట్లో ట్యాంకరు ఆగి ఉంది. దాని వెనక బిందెలూ బకెట్లూ వరసలో ఉన్నాయి. స్కూటరు మీద ఆఫీసు బొమ్మ చూసి వరస కదిలింది. ఒకాయన జేబులోంచి గుర్తింపు కార్డు తీశాడు. ఒకావిడ కొంగు ముడి విప్పి తనది తీసింది. ఇంకొకావిడ చంకలో పిల్లాడి పుట్టిన తేదీ కాగితం తెచ్చింది. వాడికి ఇంకా ఏడాది నిండలేదనీ, పసివాడికయినా మంచి నీళ్ళు ఇవ్వరా అనీ అడిగింది. గొట్టాలాయనకి ఏమీ బోధపడలేదు. నీళ్ళ కోసం వచ్చానంటే, తెలుసు కనకనే కార్డులు తెచ్చామన్నారు. ఆయన ఒక్కో కార్డూ తీసుకుని, మర్యాద కోసం చదివి, తిరిగి ఇచ్చాడు. ఆయన చదివేసరికి వాళ్ళ అనుమానం రూఢి అయింది.

ముసలమ్మ ఇల్లు వీధి చివర, ఎత్తయిన గోడని ఆనుకుని ఉంది. ఆమె కార్డు తీయలేదు. ఫోనులోనే చెప్పాను కదా, మళ్ళీ ఎందుకన్నట్టు చూసి లోపలికి రమ్మంది. గదిలో మంచం మీద ముసలాయన గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. దుప్పటి కింద మనిషి ఉన్నాడో మడతే ఉందో తెలియనంత సన్నం. కడుపులో ఏదీ నిలవడం లేదట. ఆస్పత్రి వాళ్ళు నీళ్ళు మార్చమన్నారట. మార్చడానికి మాకు రెండో కుళాయి ఏదయ్యా అంది ముసలమ్మ.

గొట్టాలాయన పెరట్లో కుళాయి తిప్పి చిన్న సీసాలో నీళ్ళు పట్టాడు. జేబులోంచి బిళ్ళ తీసి వేశాడు. నీళ్ళలో క్లోరిన్ ఉంటే బిళ్ళ కరిగి గులాబీ రంగు వస్తుంది. బిళ్ళ కరిగింది. రంగు రాలేదు. సీసాని ఎండకి పట్టాడు, తిప్పాడు, ఇంకాసేపు ఆగాడు. ఇంకో బిళ్ళ వేశాడు. ముసలమ్మ గడప మీద కూర్చుని చూస్తోంది. గారడీ వాడు మరిచిపోయిన గారడీలా ఉంది ఆయన అవస్థ.

నీళ్ళు తాజాగా ఉండాలే అని తనలో తను గొణుక్కున్నాడు. ఈ గొట్టం చివర ఉన్న ఐసు ఫ్యాక్టరీ రాత్రీపగలూ నీళ్ళు లాగుతుంది కనుక, ఈ గొట్టంలో నీళ్ళు నిలవవు. మోడల్లో తోక వీధి చివరి చుక్క అదే. ఊరి మొత్తంలో దానంత తాగుబోతు చుక్క ఇంకోటి లేదు. ఒక పేట మొత్తం తాగే నీళ్ళు ఆ ఒక్క చుక్కా తాగుతుంది.

"ఇక్కడ ఐసు ఫ్యాక్టరీ ఎటమ్మా?" అని అడిగాడు.

ముసలమ్మ చేయెత్తి వెనక గోడ చూపించింది. "అదే. మూసేశారుగా."

"ఎప్పుడు?"

"మా మనవడు పుట్టకముందు. ఇప్పుడు వాడికి మీసాలొచ్చాయి."

గోడ పక్క సందులోంచి వెళితే గేటు ఉంది. గేటు ఉందన్నమాటే గానీ అడ్డం లేదు. లోపల రేకుల కప్పు అక్కడక్కడా ఎగిరిపోయి, ఎండ ముక్కలుముక్కలుగా కింద పడి ఉంది. పొడుగాటి తొట్లలో ఐసు దిమ్మలు పోసే ఇనప అచ్చులు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కోదానిలో వంగి చూశాడు. ఒకదానిలో దుమ్ము, ఒకదానిలో ఎండుటాకులు, ఒకదానిలో పిట్ట ఈక. ఎండాకాలం మధ్యాహ్నం అయినా ఆయన చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఐసు లేని ఐసు ఫ్యాక్టరీ ఇంత చల్లగా ఎందుకుందో ఆయనకి అర్థం కాలేదు.

చివర గోడకి పెద్ద కుళాయి. ముంజేయంత గొట్టం. మోడల్ లెక్క ప్రకారం ఈ క్షణంలో దాంట్లోంచి ధారాపాతంగా నీళ్ళు పడుతుండాలి. దాని మూతికి అడ్డంగా సాలెగూడు ఉంది. ఒక్క పోగు కూడా తెగలేదు. మధ్యలో సాలీడు కదలకుండా కూర్చుని ఉంది, గంటకి ఎన్ని నీళ్ళో రాసుకుంటున్న గుమాస్తాలా.

గొట్టాలాయనకి తన గురువుగారు గుర్తొచ్చాడు. మొదట మోడల్ కట్టింది ఆయనే. పోయి రెండేళ్ళయింది. ట్యాంకులోంచి దిగిన నీళ్ళూ, చుక్కలన్నీ తాగిన నీళ్ళూ కూడితే సరిపోవాలి. ఎప్పుడూ సరిపోవు. ఊరి కింద ఎక్కడో కారుతూనే ఉంటుంది. ఆ తేలని నీళ్ళని ఏం చెయ్యాలని కొత్తలో ఈయన అడిగితే గురువుగారు నవ్వి, ఐసు ఫ్యాక్టరీ గొంతులో పోసెయ్ నాయనా, అది వద్దనదు అన్నాడు. అదేమీ మోసం కాదు, అప్పుడది నిజంగానే తాగేది, మీటరు లేకుండా తాగేది. ఇంకాస్త తాగుతుందనుకుంటే తప్పేముంది? ఏటేటా లెక్క తేలనప్పుడల్లా ఆయనా, ఆయన తరవాత ఈయనా దాని గొంతులో ఇంకాస్త పోస్తూ వచ్చారు. ఫ్యాక్టరీ మూతబడగానే బిల్లుల విభాగం బిల్లు ఆపేసింది. కానీ ఆఫీసులో బిల్లుల విభాగం పై అంతస్తు, మోడల్ విభాగం కింది అంతస్తు. మధ్యలో మెట్లున్నాయి. ఆ కబురొక్కటే దిగి రాలేదు. అలా ఫ్యాక్టరీ చచ్చాక కూడా తాగుతూనే ఉంది. బతికున్నప్పటి కంటే ఎక్కువే తాగుతోంది.

ఇక్కడేమో ఫ్యాక్టరీ కోసం వేసిన లావుపాటి గొట్టం, దాని మీద మిగిలింది గుప్పెడు ఇళ్ళు. ఏనుగు కోసం తవ్విన గుంటలో పిచ్చుకలు తాగుతున్నాయి. ఎంత తాగినా నీళ్ళు కదలవు. అవి అందులోనే ఉంటాయి, అందులోనే ముసలివవుతాయి.

బయటికి వస్తూ ఆయన వెనక్కి తిరిగి చూశాడు. వినపడని ధార ఒకటి వినపడినట్టయింది.

ఆఫీసుకి వెళ్ళి మోడల్లో ఆ చుక్క తీసేశాడు. సాఫ్ట్‌వేరు ఒకసారి ఆలోచించి, తోక వీధి గీతని చివర నుంచి మొదలు దాకా ఎర్రగా చేసింది. నీటి వయసు అయిదు రోజుల పైన చూపించింది. ఫిర్యాదుల అమ్మాయి లేచి వచ్చి ఆయన భుజం మీదుగా చూసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. నిన్నటిదాకా ఆ వీధి వాళ్ళకి ఏం చెప్పానో గుర్తొస్తోందని మెల్లగా అంది. మీ నీళ్ళు బాగానే ఉన్నాయమ్మా, కాచుకుని తాగండి, కంగారు పడకండి అని రోజూ చెప్పిందట. కంఠతా వచ్చేసిందట.

ఒక చుక్క తీసేసరికి ఒక పేట తాగే నీళ్ళు దిక్కులేనివయ్యాయి. వాటిని ఎక్కడ పెట్టాలో సాఫ్ట్‌వేరుకి తెలియదు. ట్యాంకు లెక్క తప్పింది, ఒత్తిళ్ళు తప్పాయి, తెర కింద ఎర్ర అక్షరాలు వరస కట్టాయి.

గొట్టాలాయన పెద్దసారు గదికి వెళ్ళాడు. పెద్దసారు చెడ్డవాడు కాదు. పనిమంతుడు కూడా. కానీ ఆ మోడల్ని పైవాళ్ళు ఆమోదించారు, దాన్ని నమ్మి కొత్త ట్యాంకుకి చోటు కూడా చూశారు. ఇప్పుడు అందులో ఒక పేటంత నీళ్ళు దయ్యం తాగిందని చెబితే ముందు తననే తాగి ఉన్నాడంటారని ఆయన బాధ. విన్నాక కాసేపు నీళ్ళు నమిలాడు. నీటి సరఫరా ఆఫీసులో అది పెద్ద పనేమీ కాదు.

"చుక్క మళ్ళీ పెట్టెయ్" అన్నాడు చివరికి. "ఆమోదమైన మోడల్లో చుక్క కదలకూడదు. వచ్చే ఏడు తిరగరాసేటప్పుడు చూద్దాం."

"అక్కడ మనుషులు మంచాన పడుతున్నారు సార్."

"మోడల్ ప్రకారం నీళ్ళు బాగున్నాయి కదయ్యా. మోడల్ తప్పని నువ్వంటే, ఊరు మొత్తానికి తప్పే. రేపు శుక్రవారం. ట్యాంకరు ఆగుతుంది."

గొట్టాలాయన నీరుగారిపోయి తిరిగొచ్చాడు. చుక్క మళ్ళీ పెట్టాడు. తోక వీధి మళ్ళీ నీలమైంది. ఎర్ర అక్షరాలు మాయమయ్యాయి. ఇంత అబద్ధం ఇంత అందంగా సరిపోతుంటే ఆయనకి గురువుగారి నవ్వు కనపడింది. అది వద్దనదు నాయనా. తెర మీద ఆ చుక్క చిన్నగా, నీలంగా, దాహంగా ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాడు. చుట్టూ జనం టీకి వెళ్ళొచ్చారు, మళ్ళీ సర్దుకు కూర్చున్నారు. ఆయన మాత్రం కదలలేదు. తరవాత ఉన్నట్టుండి లేచి, ఒక కాగితం మీద రెండు ముక్కలు రాసి, మళ్ళీ పెద్దసారు గదికి వెళ్ళాడు.

ఐసు ఫ్యాక్టరీ కోసం పెద్దసారుకి ఐసు పెట్టడం ఆయన జీవితంలో మొదటిసారి. మీరన్నదే సబబు, మోడల్ని ముట్టుకోకూడదు అన్నాడు. అంత గొప్ప మోడల్ ఉన్నాక ఊరే దానికి తగ్గట్టు నడవాలి గానీ, ఊరికి తగ్గట్టు అది నడవడమేమిటన్నాడు. పెద్దసారు మొహం విచ్చుకుంది. కాగితంలో ఉన్నదల్లా ఒక్కటే. ఆమోదించిన మోడల్ ప్రకారం ఐసు ఫ్యాక్టరీ చివరి కుళాయి దగ్గర ఎన్ని నీళ్ళు కదలాలో అన్ని నీళ్ళూ కదిలేలా చూడాలి. అంతకంటే సబబైన మాట ఆ ఆఫీసులో అంతవరకు ఎవరూ రాయలేదు. పెద్దసారు సంతకం పెట్టాడు. కలం మూత పెట్టాక ఒకసారి అనుమానంగా చూశాడు గానీ, కాగితం అప్పటికే గది దాటింది.

ఆ సాయంత్రమే వాల్వులతనూ గొట్టాలాయనా ఫ్యాక్టరీలోకి వెళ్ళారు. ముందు పుల్లతో సాలెగూడు జాగ్రత్తగా పక్కకి తీశారు. సాలీడు గోడెక్కి అక్కణ్ణుంచి చూసింది. వాల్వులతను ఇనప కర్ర తగిలించి తన బరువంతా వేశాడు. కుళాయి కదల్లేదు. ఇద్దరూ కలిసి వేశారు. లోపలెక్కడో కీచుమంది. తరవాత దగ్గింది. ముసలి దగ్గు, గొంతులో గాలి, కాసేపు ఆగడం, మళ్ళీ దగ్గు. తరవాత నల్లగా కక్కింది. ఆ కంపుకి వాల్వులతను చొక్కా ముక్కు మీదికి లాక్కున్నాడు. నలుపు పోయి తుప్పెరుపు వచ్చింది, ఎరుపు పోయి పచ్చగా, పచ్చ పోయి మబ్బుగా. ఎంతసేపో అలా నిలబడ్డారు. నీళ్ళు కాలవలోకి పరుగెడుతున్నాయి. చీకటి పడబోయే ముందు గొట్టాలాయన సీసా పట్టి బిళ్ళ వేశాడు. నీళ్ళు సిగ్గుపడ్డట్టు మెల్లగా గులాబీ రంగుకి తిరిగాయి.

ఆ సీసా చూపిద్దామని ముసలమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె గడపలో నిలబడి ఉంది. లోపలికి వెళ్ళమన్నట్టు చూసింది, దారి మాత్రం ఇవ్వలేదు.

"గోడవతల నీళ్ళ చప్పుడు మీదేనా అయ్యా?"

అవునన్నాడు. కుళాయి విప్పామని చెప్పాడు.

"ఆయన లేచి కూర్చున్నాడు" అందామె. "ఖాకీ చొక్కా ఇమ్మంటున్నాడు. ఫ్యాక్టరీ నడుస్తోంది, షిఫ్టు మొదలైంది, నన్నెందుకు లేపలేదని నా మీద కేకలేస్తున్నాడు. ఇరవయ్యేళ్ళు దిమ్మలు మోశాడు అందులో. ఆ చప్పుడు ఆగిన రోజు నుంచి ఆయనకు సరిగా నిద్ర లేదు. ఇప్పుడేమని చెప్పను?"

గొట్టాలాయన చేతిలో గులాబీ సీసా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. లోపల ముసలాయన మంచం అంచున కూర్చుని, వణికే వేళ్ళతో గుండీలు పెట్టుకుంటున్నాడు. ఒక గుండీ తప్పి పెట్టాడు, మళ్ళీ విప్పాడు. గోడవతల ధార పడుతూనే ఉంది. ఆయన మొహం దాని వైపే తిరిగి ఉంది. గొట్టాలాయన చెప్పులు వేసుకోవడం మరిచిపోయి గేటు దాకా వచ్చాడు.

శుక్రవారం ట్యాంకరు రాలేదు. తోక వీధికి దాని అవసరమూ పడలేదు. ముసలమ్మ వీధిలో అందరికంటే ముందు కుళాయి నీళ్ళు గ్లాసులో పట్టి వాసన చూసి, ఏమీ లేకపోయేసరికి ఇంకోసారి చూసింది. ఆ మధ్యాహ్నం ముసలాయన కడుపులో గంజి నిలిచింది. సాయంత్రానికి గోడ పట్టుకుని వీధిలోకి వచ్చి, ఫ్యాక్టరీ గేటు దగ్గర రాయి మీద కూర్చున్నాడు. షిఫ్టు మారేదాకా కూర్చుంటానన్నాడు.

ఇటు తోకకి ప్రాణం వస్తుంటే అటు తలకి పోయింది. ఊళ్ళో అన్నిటికంటే ఎత్తున్నది గుట్ట కాలనీ. ట్యాంకు నిండుగా ఉంటేనే అక్కడికి నీళ్ళెక్కుతాయి. ట్యాంకు ఒక దాహానికి సరిపడా ఉంది, ఇప్పుడు రెండు దాహాలయ్యాయి. ఊరి కింద ఎక్కడో కారేది కారుతూనే ఉంది, ఇన్నాళ్ళూ దాన్ని నెత్తిన వేసుకున్న దయ్యం ఇప్పుడు నిజంగా తాగుతోంది. శనివారం ఉదయం గుట్ట కాలనీ కుళాయిలు ఒకసారి బుస్సుమని ఊరుకున్నాయి. పెద్దసారు ఉండేది గుట్ట కాలనీలోనే, పై అంతస్తులో.

ఆయన ఐసు ఫ్యాక్టరీ దగ్గరికి వచ్చేసరికి ఎడమ చెవి వెనక సబ్బు నురగ ఆరిపోయి ఉంది. వెనకాల కాలనీ వాళ్ళు ఖాళీ బకెట్లతో వచ్చారు. నీళ్ళన్నీ ఇక్కడ కాలవలో పోస్తున్నారని వాళ్ళకి ఎవరో చెప్పారు. అంతమందిని చూసి తోక వీధి వాళ్ళు, ట్యాంకరు ఆపింది చాలక కుళాయి కూడా ఆపడానికి వచ్చారని కార్డులు పట్టుకుని బయటికి వచ్చారు. చంకలో పిల్లాడున్నావిడ వాడి కాగితం కూడా తెచ్చింది. గేటు దగ్గర రాయి మీద ఖాకీ చొక్కాలో ముసలాయన ఉన్నాడు. జనాన్ని చూసి, ఐసుకి ఇంత గిరాకీ వచ్చిందా అన్నట్టు జరిగి కూర్చున్నాడు.

లోపలికి వెళ్ళిన పెద్దసారు ధార ముందు నిలబడిపోయాడు.

"నా నీళ్ళన్నీ ఎక్కడికి పోతున్నాయయ్యా?"

"మీరు సంతకం పెట్టిన చోటికే సార్" అన్నాడు గొట్టాలాయన.

"ఇన్ని నీళ్ళా?"

"మోడల్లో ఉన్నన్నే. కొలిచే విప్పాం. చుక్క ఎక్కువా లేదు, తక్కువా లేదు."

పెద్దసారు ధార కింద చెయ్యి పెట్టాడు. నీళ్ళ బరువుకి చెయ్యి కిందికి జారింది. మళ్ళీ పెట్టాడు. ఒక పేటంత నీళ్ళని ఆయన కాగితాల మీద ఎన్నిసార్లు చూశాడో. చేతి మీద పడటం ఇదే మొదలు. ఈ ఫ్యాక్టరీ తాగకపోతే ఇన్నేళ్ళూ ఇన్ని నీళ్ళూ ఎవరు తాగినట్టు అని నెమ్మదిగా, ధారనే అడిగినట్టు అడిగాడు. నేల తాగిందన్నాడు గొట్టాలాయన. ఎక్కడో పెద్ద చిల్లుంది, ఇక్కడ చుక్క ఉన్నన్నాళ్ళూ దాన్ని ఎవరూ వెతకరు. పెద్దసారు తడి చేత్తో చెవి వెనక తుడుచుకున్నాడు. ఆరిన సబ్బు మళ్ళీ నురగ వచ్చింది. చుక్క తీసెయ్ అన్నాడు. పైవాళ్ళకి నేనే చెబుతానన్నాడు. సోమవారం నుంచి చిల్లు వెతుకుదాం, ఈ కుళాయి రోజూ కాసేపు విప్పి పాత నీళ్ళు పోనిద్దాం, లావు గొట్టం మార్చేదాకా ట్యాంకరు వస్తుంది అన్నాడు. అనుకున్నంత గట్టిగా అనలేదు గానీ, అక్కడున్నవాళ్ళు విన్నారు.

వాళ్ళు గేటు దగ్గరికి రాగానే, మొన్న ముందుగా కార్డు తీసినాయన ముందుకొచ్చి, ట్యాంకరు వస్తే ఎంత వయసు దాటినవాళ్ళకి ఇస్తారో ముందే చెప్పమన్నాడు. డెబ్బై దాటినవాళ్ళకి కుళాయి నీళ్ళే అని ఆఫీసు వాళ్ళు ఫోనులో అన్నారట కదా. కాలనీ వాళ్ళలో ఒక పెద్దాయన ఉలిక్కిపడి, మా కాలనీకి కూడా ఇదే రూలా అని అడిగాడు. పెద్దసారు గొట్టాలాయన వైపు చూశాడు. గొట్టాలాయన ముసలమ్మ వైపు చూశాడు. ముసలమ్మ, మీరే కదా అడిగారు అంది. సరిగ్గా నీళ్ళ వాసన గురించి చెబుతుంటే మధ్యలో, మీ వయసెంత అని అడిగారు. చెప్పాను. చెప్పాక ఎందుకో ఒళ్ళు మండి పెట్టేశాను.

అన్నాళ్ళూ గొట్టాలాయన్ని పట్టుకుని వేలాడిన అంకె అక్కడ ఊడి కింద పడింది.

గొట్టాలాయన గేటు ముందున్న దిమ్మె ఎక్కి అందరికీ వినపడేలా చెప్పాడు. ఎవరి వయసూ ఎవరూ అడగలేదు. తను పక్క బల్ల అమ్మాయిని నీటి వయసెంత అని అడిగాడు, ఈవిడకి మీ వయసెంత అని వినపడింది. నీళ్ళు ట్యాంకు దిగి ఎంతసేపయిందో అదే నీటి వయసు. తోక వీధిలో అది తొమ్మిది గంటలనుకున్నాం, తేలింది అయిదు రోజులు, గొట్టంలో కదలక ముసలివయ్యాయి కనుకే ఆ కంపు. కార్డులు ఎవరివి వాళ్ళు లోపల పెట్టుకోవచ్చు, నీళ్ళు అందరికీ ఒకటే. జనం ముందు అర్థం కానట్టు చూశారు, తరవాత ఒకరు నవ్వారు, తరవాత కాలనీ వాళ్ళూ వీధి వాళ్ళూ కలిసి నవ్వారు. పిల్లాడి తల్లి కాగితం మడిచి వాడి చొక్కాలోనే దోపింది. పెద్దసారు కూడా నవ్వాడు, నురగతో సహా.

మరి తొమ్మిది గంటలన్నదెవరు, అయిదు రోజులన్నదెవరు అని ముసలమ్మ అడగలేదు. ఆమె నవ్వలేదు కూడా.

లోపల వాల్వులతను కుళాయి కట్టేశాడు. ధార సన్నబడి, తడబడి, ఆగింది. ఉన్నట్టుండి అంతా నిశ్శబ్దమయ్యేసరికి నవ్వేవాళ్ళు కూడా ఆగారు. రాయి మీద ముసలాయన తలెత్తాడు. ఆయనకి చెవులు మందం, ధార చప్పుడు తప్ప ఇంకేమీ విన్నట్టు లేదు. షిఫ్టు అయిపోయిందా, వీళ్ళంతా ఎందుకొచ్చారని భార్యని అడిగాడు.

ఆమె ఆయన పక్కన కూర్చుని, తప్పు పెట్టుకున్న గుండీ విప్పి సరిగ్గా పెట్టింది. చెవి దగ్గరికి వంగి, గొట్టాలాయన అందరికీ చెప్పిందే ఆయనకీ చెప్పింది. ఫ్యాక్టరీ నడవడం లేదు, ఉత్త కుళాయి విప్పారు. మన వయసు కాదు, నీళ్ళ వయసు అడిగారు. గొట్టంలో అవి కదలక ముసలివైపోయాయట, అందుకే కంపట.

ముసలాయన గేటు లోపలికి, ఆరిపోతున్న తడి వైపు చూశాడు.

"మరి ఇన్నాళ్ళూ ఆ ముసలి నీళ్ళు ఎవరు తాగారే?"

"మనమే" అంది ముసలమ్మ. లేవడానికి ఆయనకి చెయ్యి ఇచ్చింది.